రాత్రి రెండింటికి బాపు బీపీ ఎంత?

మా బాపుకు బీపీ ఉందని తెలిసి చాలా ఏళ్లయింది. షుగర్ అంతకన్నా పాతది. వరంగల్ కొత్తవాడలో మా గల్లీ చివరనున్న మెడికల్ షాపులో బీపీ చూపించుకోవడం ఆయనకు అలవాటు. ఎప్పుడు చూసినా పైది 130కి అటూ ఇటూ, కిందది 80. "నీకేంది బాపూ, మంచిగనే ఉంది" అంటాడు షాపతను. ఇంట్లో మిషన్ పెట్టి చూసినా దాదాపు అంతే. గోళీలు కూడా వేళ తప్పకుండా వేసుకుంటాడు. చిన్నప్పటి నుంచి మగ్గం మీద జంపఖానాలు నేసిన మనిషి. ఒక పద్ధతి పెట్టుకుంటే ఎవరూ గుర్తుచేయాల్సిన పని ఉండదు.

అలాంటి మనిషికి కిందటేడు గుండె స్కానింగ్‌లో ఎడమ గది గోడ మందమైందని వచ్చింది. మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందని ఇంకో రిపోర్టు. రెండోదానికి షుగర్ కారణం కావచ్చని మేమే అనుకున్నాం. మొదటిది మాత్రం చాలాకాలం ఎక్కువ ప్రెషర్‌తో గుండె పనిచేస్తే వచ్చే మార్పు. బీపీ కంట్రోల్‌లో ఉన్న మనిషికి ఇదెందుకు వచ్చినట్టు?

హన్మకొండలో మేం చూపించే డాక్టర్ సార్ అమ్మ రాసిన బీపీ పుస్తకం మొత్తం తిప్పి చూశారు. అన్నీ పొద్దున, సాయంత్రం రాసినవే. "పగలు బాగానే ఉందమ్మా. పండుకున్నాక ఎంత ఉంటోంది?" అని అడిగారు. మా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు ఉన్న ఇల్లు మా గల్లీలో ఒక్కటీ ఉండదేమో. పగలు కూర్చోబెట్టి చూసిన బీపీనే మనమందరం బీపీ అనుకుంటాం. రోజులో మూడోవంతు మనిషి నిద్రలో ఉంటాడు. గుండె, కిడ్నీలు, మెదడు నరాలు ఆ మూడోవంతు కూడా పనిచేస్తూనే ఉంటాయి.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను కాబట్టి ఈ సంగతి కొంచెం లోతుగా చదివాను. మామూలుగా నిద్రలో బీపీ పగటి కంటే పది నుంచి ఇరవై శాతం తగ్గాలి. పగలు 130 ఉంటే రాత్రి 117 లోపుకు రావాలన్నమాట. ఇలా తగ్గేవాళ్లను డాక్టర్లు డిప్పర్లు అంటారు, సరిగ్గా తగ్గనివాళ్లను నాన్ డిప్పర్లు అంటారు. ఐర్లాండ్ డాక్టర్ ఓయిన్ ఓ'బ్రయన్, ఆయన తోటివాళ్లు 1988లో లాన్సెట్ వైద్య పత్రికలో ఈ విభజన రాశారు. తగ్గకపోగా రాత్రి పగటి కంటే పెరిగేవాళ్లు కూడా కొందరుంటారు. ముప్పు ఎక్కువ వీళ్లకే. షుగర్ ఉన్నవాళ్లు, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు, గురకపెట్టి మధ్యలో ఊపిరి ఆగేవాళ్లు, ఉప్పు తింటే బీపీ పెరిగే ఒళ్లున్నవాళ్లు, వయసు పైబడినవాళ్లు ఈ రెండు గుంపుల్లో ఎక్కువగా కనిపిస్తారు. ఆ జాబితా చదువుతుంటే అందులో సగానికి పైగా మా బాపే ఉన్నాడు.

సార్ 24 గంటల బీపీ పరీక్ష రాశారు. ల్యాబ్‌లో ఎడమ చేతికి పట్టీ చుట్టి, నడుముకు బెల్టుతో చిన్న డబ్బా కట్టి పంపించారు. పగలు ఇరవై నిమిషాలకోసారి, రాత్రి అరగంటకోసారి అదే బిగుసుకుంటుంది. బిగుసుకున్నప్పుడు నడుస్తుంటే ఆగాలి, చెయ్యి వేలాడదీసి కదపకుండా ఉంచాలి. ఆ రోజు స్నానం లేదు. ఎన్నింటికి తిన్నాడు, ఎప్పుడు గోళీ వేసుకున్నాడు, ఎప్పుడు పండుకున్నాడు, ఎప్పుడు లేచాడు అని ఒక కాగితం మీద రాయాలి. ఈ కాగితాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. నిద్రవేళలు సరిగ్గా తెలియకపోతే మెలకువగా ఉన్నప్పటి అంకెలు నిద్ర లెక్కలో కలిసిపోతాయి. కాజీపేటలో రైలు నడిపేవాళ్లు, భూపాలపల్లి గనుల్లో నైట్ షిఫ్ట్ చేసేవాళ్లు అయితే ఇంకా జాగ్రత్తగా రాయాలి. వాళ్లకు పగలు పడుకున్న గంటలే నిద్ర గంటలు.

రిపోర్టు వచ్చింది. పగటి సగటు 131/79. నిద్రలో సగటు 147/84. ఈ పరీక్షలో పగలు 135/85, రాత్రి 120/70 దాటితే ఎక్కువ అని యూరప్ డాక్టర్ల లెక్క. అమెరికా వాళ్ల 2017 లెక్క ఇంకా కఠినం, రాత్రికి 110/65. ఏ లెక్కన చూసినా బాపు రాత్రంతా బీపీ రోగే. పగలు మాత్రం యూరప్ లెక్కన మంచిగున్న మనిషి. మెడికల్ షాపులో ఎన్నేళ్లు చూపించుకున్నా ఇది బయటపడేది కాదు.

ఈ పరీక్ష మంచిదే, కానీ నెలనెలా చేయించుకునేది కాదు. ఖర్చు ఒకటి, ఆ డబ్బా కట్టుకుని రోజంతా తిరగడం ఇంకొకటి. మందు మార్చాక రాత్రి బీపీ తగ్గిందో లేదో ఇంట్లో ఎట్లా చూడాలి? మొదట అమ్మ, బాపు ఒంటికి లేచి వచ్చినప్పుడు చూస్తానంది. అది పనికిరాదు. మంచం దిగి, నడిచి, లైటు వేసుకుని వచ్చిన మనిషి బీపీ నిద్రలో బీపీ కాదు. లేపి చూసినా అంతే, ఉలిక్కిపడి లేచిన మనిషి అంకె వస్తుంది. పట్టీ ముందే చుట్టి పెట్టి, ఆయన నిద్రలో ఉండగా ఇంకొకరు మీట నొక్కితే కొంత నయం. కానీ ఆ ఇంకొకరు అమ్మే. ఆమె రాత్రంతా అలారం పెట్టుకుని లేవాలి. అది నాకు నచ్చలేదు.

జర్మనీలో ఉద్యోగం చేసే మా తమ్ముడు నిద్రవేళ దానంతటదే చూసే మిషన్ ఒకటి పంపాడు. మామూలు ఇంటి మిషన్ లాంటిదే, పై చేతికి పట్టీ చుట్టేదే. పడుకునే ముందు నిద్ర మీట నొక్కితే రాత్రి 2, 3, 4 గంటలకు నెమ్మదిగా బిగుసుకుని అంకెలు దాచిపెడుతుంది. పొద్దున చూసుకోవచ్చు. ఇట్లా ఇంట్లో రాత్రి బీపీ చూడటంలో జపాన్ వాళ్లు చాలా పని చేశారు. జిచి వైద్య విశ్వవిద్యాలయంలో డాక్టర్ కజువోమి కరియో బృందం గుండె జబ్బు ముప్పున్న రెండున్నర వేల మందికి పైగా జనాన్ని ఈ మూడు వేళల్లోనే ఇంటి దగ్గర కొలిపించి, ఏళ్ల తరబడి గమనించి, 2019లో ఫలితాలు ప్రచురించింది. రాత్రి పై అంకె ఎక్కువున్నవాళ్లకు గుండెపోటు, పక్షవాతం లాంటివి ఎక్కువ వచ్చాయి. ఆసుపత్రి బీపీ, పొద్దుటి ఇంటి బీపీ లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ ముప్పు అట్లాగే నిలిచింది. అంటే పొద్దుటి అంకె చూసి రాత్రిది ఊహించుకుంటే సరిపోదు.

మిషన్ వచ్చినంత మాత్రాన పని అయిపోదు. మొదటి శనివారం నేను అక్కడే పడుకున్నాను. బాపుకు ఎడమ పక్కకు తిరిగి, చెయ్యి తల కింద పెట్టుకుని పండుకునే అలవాటు. పట్టీ ఉన్న చెయ్యి ఒంటి కింద నలిగితే మిషన్ తప్పు చూపిస్తుంది. కుడి పక్కకు తిరిగితే ఎడమ చెయ్యి పైకి వస్తుంది, గుండె కంటే ఎత్తులో ఉంటుంది. అప్పుడు అంకె తక్కువ వస్తుంది. గుండె కంటే పది సెంటీమీటర్లు పైనుంటే దాదాపు ఏడెనిమిది పాయింట్లు తగ్గుతుంది. ఆ తగ్గుదల చూసి సంతోషపడితే మోసపోయినట్టే. వెల్లకిలా పడుకుని చెయ్యి పక్కన చాచితే సరైన అంకె. అమ్మ దీనికి ఉపాయం కనిపెట్టింది. ఆయన ఎడమ పక్కన పాత జంపఖానా మడతపెట్టి చేతి కింద సర్దింది. "జర ఎల్లెల్కల పండు, చెయ్యి దీని మీద పెట్టు" అంది. తాను నేసిన జంపఖానా కాబట్టో ఏమో, ఆయన చెయ్యి అక్కడే ఉంచాడు.

ఇంక గొట్టం సంగతి. దోమతెర కింద నుంచి బయటికి తీసి, మంచం పక్కన స్టూలు మీద మిషన్ పెట్టాం. గొట్టం మడతపడితే గాలి పోదు. మెడ దగ్గరికి రాకుండా భుజం వెనక నుంచి తలవైపు పోనివ్వాలి. తెర వెలుగు కళ్లలో పడకుండా అమ్మ తువ్వాలు కప్పింది. సరిగ్గా రెండింటికి గుర్ర్‌మని మొదలైంది. చీకట్లో ఆ చప్పుడు పగటి కంటే ఎక్కువ వినిపిస్తుంది. బాపు కదిలాడు, "ఏందే" అన్నాడు, మళ్లీ పడుకున్నాడు. మూడింటికి కదల్లేదు. నాలుగింటికి ఆయనకు అసలు తెలియలేదు. మొదటి రాత్రి అంకెలు లెక్కలోకి తీసుకోవద్దని సార్ ముందే చెప్పారు. కొత్తలో నిద్ర చెడుతుంది, చెడిన నిద్రలో బీపీ పెరుగుతుంది. ఆ తర్వాత రాత్రుల సగటే చూడాలి. మధ్యలో లేచి ఒంటికి పోతే, దగ్గితే, కల వచ్చి లేస్తే ఆ సంగతి పొద్దున్నే అంకె పక్కన రాయాలి. అమ్మ చాలా చక్కగా రాస్తుంది. "3 గం. గురక ఆగి లేచిండు" అని ఒక రోజు రాసింది. ఆ ఒక్క మాట మాకు తర్వాత చాలా పనికొచ్చింది.

పట్టీ సైజు గురించి కూడా చెప్పాలి. బాపు చెయ్యి ఈ వయసులోనూ గట్టిగా, లావుగా ఉంటుంది, మగ్గం పని అట్లాంటిది. పట్టీ చిన్నదైతే బీపీ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. టేపుతో భుజానికి, మోచేతికి మధ్య చుట్టుకొలత తీసి, పట్టీ మీద రాసిన కొలతతో సరిచూసుకుని పెద్ద పట్టీ తెప్పించాం. అంగీ చెయ్యి మీద చుట్టొద్దు, ఒట్టి చేతి మీదే చుట్టాలి. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి.

మా స్కూల్లో ఒక సార్ చేతికి వాచీ ఉంది, అది రాత్రి బీపీ కూడా చెబుతుందట. "ఇంత తిప్పలెందుకు మేడం, ఇది పెట్టండి" అన్నారు. పట్టీ లేకుండా వెలుతురుతో బీపీ అంచనా వేసే ఈ వాచీలతో బీపీ నిర్ధారించొద్దనీ, మందులు మార్చొద్దనీ యూరప్ బీపీ డాక్టర్ల సంఘమే చెబుతోంది. చాలా వాచీలను పట్టీ మిషన్‌తో మళ్లీ మళ్లీ సరిచేస్తుండాలి. మణికట్టుకు నిజంగా పట్టీ బిగుసుకునేవి వేరు, వాటిలో నిద్ర కోసమే చేసినవి కొన్ని ఉన్నాయి. వెలుతురు వాచీ అంకెను నమ్మి గోళీ మార్చుకున్నవాళ్లను చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది.

రాత్రి బీపీ ఎందుకు పెరుగుతోందో తెలుసుకోవడం అన్నిటికంటే ముఖ్యం. మాకు రెండు కారణాలు కనిపించాయి.

ఒకటి గురక. అమ్మ రాసిన ఆ మాట చూసి సార్ నిద్ర పరీక్ష చేయించారు. ఊపిరి ఆగిన ప్రతిసారీ రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, ఒళ్లు ప్రమాదం వచ్చినట్టు ఉలిక్కిపడుతుంది, బీపీ ఎగుస్తుంది. రాత్రంతా ఇదే తంతు. బాపుకు ముక్కుకు మాస్క్ పెట్టి గాలి పంపే సీపాప్ మిషన్ రాశారు. "మూతికి ఇది కట్టుకోని ఎట్ల పండుడు బిడ్డా" అన్నాడు. పగలు టీవీ చూస్తూ కాసేపు పెట్టుకోమన్నాం. అట్లా మెల్లమెల్లగా అలవాటైంది. దీనివల్ల బీపీ సగటున కొద్దిగానే తగ్గుతుందని సార్ ముందే చెప్పారు, మేం అద్భుతాలేవీ ఆశించలేదు. పొద్దున తలనొప్పి లేకుండా లేవడం మాత్రం కొన్నాళ్లకే తెలిసింది.

రెండోది ఉప్పు. ఇది నేను విడమరిచి చెప్పాలనుకుంటున్నాను, ఎందుకంటే మన తిండి సంగతి ఇది. కిడ్నీలు పగలంతా తిన్న ఉప్పును పగలే బయటికి పంపలేకపోతే, మిగిలింది రాత్రి పంపాలి. అందుకు వాటికి ప్రెషర్ కావాలి, కాబట్టి నిద్రలోనూ బీపీ దిగదు. రాత్రి మాటిమాటికీ ఒంటికి లేవడానికి కూడా ఇదొక కారణం. ప్రోస్టేటో, షుగరో అని మనం సర్దుకుంటాం. అవి కూడా అయ్యుండొచ్చు. జపాన్ డాక్టర్లు 1990లలో నాన్ డిప్పర్లకు ఉప్పు బాగా తగ్గించి చూస్తే వాళ్ల రాత్రి బీపీ మళ్లీ దిగడం మొదలైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది. అంటే చిన్న చెంచాడు కన్నా తక్కువ. బాపు రాత్రి భోజనం ఏందంటే అన్నం, పచ్చిపులుసు, మామిడికాయ తొక్కు, నంజుకోను వేయించిన చల్ల మిరపకాయలు. ఒక్కోనాడు సర్వపిండి. ఆ ఒక్క పూటకే ఆ చెంచాడు దాటిపోతుంది.

అమ్మ తొక్కు బంద్ చేయలేదు, చేస్తే ఆయన తినడు. మధ్యాహ్నానికి మార్చి, రాత్రి మానిపించింది. పచ్చిపులుసులో ఉప్పు తగ్గించి ఉల్లిగడ్డ, కొత్తిమీర ఎక్కువ వేస్తోంది. మొదట్లో చప్పగా ఉందన్నాడు, ఇప్పుడు అనడం లేదు. ఇక్కడొక హెచ్చరిక. బజార్లో దొరికే తక్కువ సోడియం ఉప్పు కొని వాడమని మా చిన్నాయన చెప్పాడు. అందులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకూ, టెల్మిసార్టాన్ లాంటి బీపీ గోళీలు వాడేవాళ్లకూ రక్తంలో పొటాషియం పెరిగే ప్రమాదం ఉంది. డాక్టర్‌ని అడక్కుండా అది వంటింట్లోకి రానీయొద్దు.

గోళీ రాత్రి వేసుకుంటే అంతా సర్దుకుంటుందని వాట్సాప్‌లో ఒక సందేశం తిరుగుతుంటుంది. 2019లో స్పెయిన్ నుంచి వచ్చిన ఒక పెద్ద అధ్యయనం అట్లాగే చెప్పింది, దాని మీద చాలా అనుమానాలు లేచాయి. తర్వాత బ్రిటన్‌లో 21 వేల మందికి పైగా పాల్గొన్న టైమ్ అధ్యయనం 2022లో వచ్చింది. పొద్దున వేసుకున్నవాళ్లకూ సాయంత్రం వేసుకున్నవాళ్లకూ గుండెపోటు, పక్షవాతం విషయంలో తేడా కనిపించలేదు. కాబట్టి అందరికీ రాత్రి గోళీ అనే మాట నిలవదు. బాపుకు సార్ ఒక గోళీని రాత్రికి మార్చారు, అది ఆయన రాత్రి అంకెలు చేతిలో పెట్టుకుని చేసిన నిర్ణయం. మార్చాక మరీ దిగిపోతుందేమోనని కూడా చూశాం. పెద్దవాళ్లకు రాత్రి బీపీ మరీ పడిపోతే ఒంటికి లేచినప్పుడు కళ్లు తిరిగి పడతారు, కంటి నీటికాసులు ఉన్నవాళ్లకు కంటినరం దెబ్బతినొచ్చు. రాత్రి బీపీ ఎంత తగ్గితే అంత మంచిది అనుకోవద్దు.

ఇప్పుడు బాపు రాత్రి సగటు 124, 126 మధ్య ఆడుతోంది, కింద 70కి దగ్గర. ఇంకా 120 లోపుకు రాలేదు. సార్ తొందరపడటం లేదు, గోళీ మోతాదు పెంచడం కన్నా మాస్క్ రాత్రంతా ఉంచుకోవడం ముందు కానీయమన్నారు. రోజూ రాత్రి మిషన్ పెట్టం. నెలకు కొన్ని రాత్రులు, మందు మారినప్పుడు ఇంకొన్ని. రోజూ పెడితే ఆయన నిద్రే పోతుంది, మనసంతా అంకెల మీదే ఉంటుంది.

ఎండాకాలంలో ఏం చేయాలన్నది ఈసారి చూడాలి. వరంగల్‌లో మే నెలలో పగలు బీపీ దిగుతుంది. అది చూసి గోళీ తగ్గించుకునేవాళ్లు మా గల్లీలోనే ఉన్నారు. ఉక్కపోత రాత్రుల్లో నిద్ర చెడి రాత్రి బీపీ మాత్రం దిగకపోగా పెరగొచ్చని ఎండాకాలంలో చేసిన పరిశీలనల్లో కనిపించింది. బాపు ఆ రోజుల్లో డాబా మీద పండుకుంటాడు. సీపాప్‌కు కరెంటు పైకి లాగాలి, మిషన్ కూడా పైకి పోవాలి. తమ్ముడికి చెప్పి పొడుగు వైరు, ఇంకో పెద్ద పట్టీ తెప్పిస్తున్నాం. పక్కింటి కాక కూడా షుగర్ మనిషే, గురక మా ఇంటికి వినిపిస్తుంది. మిషన్ కొన్ని రాత్రులు ఇమ్మని అడిగాడు. ఇస్తాం. ముందు హన్మకొండ పోయి సార్‌కు చూపించుకుని, 24 గంటల పరీక్ష చేయించుకుని రమ్మని అమ్మ చెప్పింది.